ఫిబ్రవరిలో ఇచ్చిన కోటు

కెనడాలోని హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో నేనొక పెద్దాసుపత్రి వంటశాలలో పార్ట్‌టైమ్ చేసేవాణ్ని. వంట మేం చేసేది కాదు. ఎక్కడో వండి తెచ్చినవాటిని వేడిచేసి, చీటీ చూసుకుంటూ ఎవరికి ఏది పెట్టాలో అది ట్రేల్లో సర్దడమే మా పని. కదిలే బెల్టు పక్కన వరసగా నిలబడేవాళ్లం. ఒకరిది సూపు, ఒకరిది రొట్టె. నాది జెల్లీ. చక్కెర ఉన్నదానికి ఎర్ర మూత, లేనిదానికి ఆకుపచ్చ మూత.

అప్పట్లో ఊరంతా మన పిల్లలే. కాలేజీలు వచ్చినవాళ్లనందరినీ చేర్చుకున్నాయి కానీ ఊళ్లో ఇళ్లు పెరగలేదు. మేం ఉన్న ఇంట్లో బేస్‌మెంటు నిండా అబ్బాయిలం, పైన అమ్మాయిలు. పార్ట్‌టైమ్ దొరికినవాడు ఆ వారం హీరో. ఆసుపత్రిలో దొరికిందని చెప్పినప్పుడు మా గుంటూరు రూమ్మేట్ నన్ను ఎత్తి తిప్పాడు. ఆ సంబరంలోనే ఒక జాగ్రత్త కూడా చెప్పాడు.

"అక్కడ నల్లోళ్లు ఎక్కువంట మావా. కాస్త దూరంగా ఉండు."

నేను నవ్వి ఊరుకున్నాను. ఖమ్మంలో మా ఇంట్లో నన్నే నల్లోడా అని పిలిచేవాళ్లు. ముద్దుగానే పిలిచేవాళ్లు. అందుకే రూమ్మేట్ మాటకి కోపం తెచ్చుకోవాలో, ఎప్పట్లాగే నవ్వాలో తేలలేదు.

అతను పరిచయమైంది అక్కడే. పోర్టర్. రోగుల్ని మంచాలతో సహా ఎక్స్‌రేకీ ఆపరేషన్ గదికీ తోసుకుని వెళ్లేవాడు. నాకంటే పదేళ్లకు పైగా పెద్ద. తలుపులో నిలబడితే తలుపు నిండిపోయేంత మనిషి. విరామంలో మా వంటశాలకొచ్చి, మిగిలిన టోస్టు తింటూ అందర్నీ నవ్వించేవాడు. ఏ వార్డులో ఏ ముసలావిడ తనని పెళ్లి చేసుకోమందో అభినయించి చూపించేవాడు. అతని అమ్మానాన్నలు జమైకా నుంచి వచ్చారు. అతను మాత్రం పుట్టిందీ పెరిగిందీ హామిల్టన్‌లోనే. అయినా రోగులు అతన్ని కూడా, నన్ను అడిగినట్టే, "మీది ఏ దేశం?" అని అడిగేవారు. నా దగ్గర జవాబుంది. అతను పక్క వీధి పేరు చెప్పేవాడు.

అతను మాట్లాడేది ఇంగ్లీషే. కానీ ఇన్నాళ్లయ్యాక నా చెవిలో అవన్నీ తెలుగులోనే మిగిలాయి. అలాగే రాస్తున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇద్దరం బస్‌స్టాపులో నిలబడి ఉన్నాం. అతను ఫోను చూసుకుంటూ మామూలుగా అన్నాడు.

"నిన్న నా పాత బాయ్‌ఫ్రెండ్ కనిపించాడు. జుట్టు మరీ పొట్టిగా కత్తిరించుకున్నాడు. అస్సలు బాగోలేదు."

నేను "ఓ" అన్నాను. అంతలో బస్సొస్తే ఎక్కేశాను. అది మలుపు తిరిగి కొండెక్కుతుంటే తెలిసింది, అది నా బస్సు కాదని. హామిల్టన్‌లో ఊరు సగం కింద, సగం కొండ మీద ఉంటుంది. నా ఇల్లు కింద. కొండ మీద దిగి, చలిలో ఎదుటి స్టాపు వెతుక్కుంటూ ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అలా కూడా చెప్పొచ్చా?

నా సంగతి నాకు తెలియక కాదు. ఇంటర్ నుంచే తెలుసు. తెలిసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తెలుగులో దానికి నాకు వచ్చిన మాటలన్నీ తిట్లే. ఇంగ్లీషు మాట వాడితే ఎవరో వేరే మనిషి గురించి మాట్లాడుతున్నట్టుండేది. కొన్ని వారాల తర్వాత, ఖాళీ ట్రేల బండి పక్కన నిలబడి అతనికి చెప్పాను. ఒక వాక్యం చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాను.

"తెలుసు," అన్నాడు.

"ఎలా?"

"ఆ రోజు నువ్వు కొండ బస్సెక్కావు."

అప్పట్నుంచి ఆదివారాలు అతని ఫ్లాటుకి వెళ్లేవాణ్ని. ఆసుపత్రికి కాస్త దూరంలో, పాత ఇటుక బిల్డింగులో ఒక గది, వంటిల్లు. అతను పాటలు పెట్టి ఇల్లు తుడిచేవాడు, నేను టమాటా పప్పు చేసేవాణ్ని. మా మధ్య ఏమీ జరగలేదు. జరగాలని నాకు ఉందో లేదో కూడా తేల్చుకోలేకపోయేవాణ్ని. అతను సోఫాలో నిద్రపోతే ఆ నిద్ర చూస్తూ కూర్చోవడం బాగుండేది. అది ప్రేమో, లేక నాలాంటి మనిషిని మొదటిసారి చూసిన ఊరటో, రెండింటినీ విడదీయడం నాకు రాలేదు.

ఆ చలికాలం ఒక సంగతి జరిగింది. ఇద్దరం మామూలు బట్టల్లో వెనక గేటు నుంచి లోపలికి వెళ్తున్నాం. సెక్యూరిటీ అతన్ని ఆపి ఐడీ అడిగాడు. కొత్తగా చేరిన కుర్రాడు. మా పోర్టర్ ఏళ్ల తరబడి ఆ గేటులోంచే వస్తున్నాడు. నేను చేరి ఏడాది కూడా కాలేదు. నన్ను అడగలేదు. అతను బ్యాగు దించి, నిదానంగా, చేతులు రెండూ కనిపించేలా పెట్టుకుని కార్డు తీసి చూపించాడు. జోకేశాడు కూడా. సెక్యూరిటీ కుర్రాడు నవ్వాడు.

లిఫ్టులో అడిగాను, "కోపం రాలేదా?"

"రావడానికి నాకు పర్మిషన్ లేదు," అని నవ్వాడు. నేనూ నవ్వాను. అది జోకనే అనుకున్నాను.

ఆ తర్వాత అతనిలో మార్పొచ్చింది. అయితే అది ఏ మార్పో నాకు అంతుబట్టలేదు. మన సినిమాల్లో బాధ అంటే గడ్డం పెరగాలి, చేతిలో సీసా ఉండాలి. ఇతను రోజూ నున్నగా గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చేవాడు. జోకులు ఇంకా ఎక్కువయ్యాయి. జిమ్ముకి రెండు పూటలా వెళ్లేవాడు. ఇల్లు అద్దంలా ఉండేది. కానీ మైక్రోవేవ్ తలుపు పడకపోతే దాన్ని అరచేత్తో అంత గట్టిగా కొట్టాడు, వంటశాల మొత్తం తిరిగి చూసింది. మరుక్షణం మళ్లీ నవ్వు. పప్పు ముందు పెట్టుకుని గరిటె తిప్పుతూ కూర్చునేవాడు, తినేవాడు కాదు.

"బానే ఉన్నావా?" అనడిగితే, "బాగుండటమే కదా నా ఉద్యోగం," అనేవాడు.

ఫిబ్రవరిలో వరసగా డ్యూటీకి రాలేదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపేవాడు. ఆదివారం పొద్దున తనే పిలిచాడు, రమ్మని. వెళ్లాను. ఇల్లు ఖాళీ ఖాళీగా, మరీ శుభ్రంగా ఉంది. కిటికీలో కుండీలు లేవు. పక్కింటావిడకి ఇచ్చేశానన్నాడు. నల్లటి పెద్ద కోటు ఒకటి కొక్కెం నుంచి తీసి నా భుజాల మీద వేశాడు. లోపల ఈకలు నింపిన, చాలా ఖరీదైన కోటు అది. చలికాలమంతా దాన్ని చూసి నేను కుళ్లుకున్నాను.

"నీది పల్చగా ఉంది. ఇది ఉంచుకో."

"మరి నీకు?"

"నాకు వేడెక్కువ."

ఎప్పుడూ లేనంత ప్రశాంతంగా ఉన్నాడు. వచ్చేటప్పుడు గుమ్మంలో నన్ను గట్టిగా పట్టుకున్నాడు. నాకు గాల్లో తేలినట్టుంది. నిజం చెప్పాలంటే, దారి పొడుగునా ఆ కాలర్లో ముఖం పెట్టుకుని అతని సబ్బు వాసన పీల్చుకుంటూ, దీనర్థం ఏమై ఉంటుందా అని ఊహలల్లుకుంటూ నడిచాను.

ఇంటికొచ్చేసరికి పైనుండే అక్క వాకిట్లో మంచు తోస్తోంది. అక్కది నిజామాబాద్. మాలాగే చదువుకుంటూ, ముసలివాళ్లను చూసుకునే హోములో పని చేసేది. నన్ను చూసి పార ఆపింది.

"కోటు కొన్నవా?"

"లేదక్కా. ఫ్రెండ్ ఇచ్చాడు."

"గింత మంచిది ఎందుకిచ్చిండు? ఊరు పోతున్నడా?"

"లేదు. ఊరికే ఇచ్చాడు. మొక్కలు కూడా ఎవరికో ఇచ్చేశాడంట."

అక్క పారని గోడకి ఆనించి నా దగ్గరికొచ్చింది.

"ఇంక మార్చి ఉన్నది, ఏప్రిల్ ఉన్నది. మరి ఆయనేమేస్కుంటడు?"

"వేడెక్కువంట."

"పనికొస్తుండా?"

"ఈ మధ్య రావట్లేదు. కానీ ఇవాళ చాలా హ్యాపీగా ఉన్నాడక్కా."

అక్క ముఖం మారిపోయింది. "తమ్మీ, నువ్వు మళ్ల పో. ఇప్పుడే పో. మా హోములో ట్రైనింగ్ ఇచ్చిన్రు. మనిషి తన సామాన్లన్నీ పంచిపెట్టి ఒక్కసారిగ నిమ్మళంగ అయితే భయపడాలని చెప్పిన్రు."

"దేనికి భయపడాలి?" అన్నాను. నిజంగానే అర్థం కాలేదు.

ఆమె చెప్పింది. చావు అనే మాట ఆ కోటులో నిలబడి విన్నాను.

"ఏమని అడగను?"

"సూటిగనే అడుగు. చచ్చిపోవాలని ఉన్నదా అని అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదంట, అది కూడా చెప్పిన్రు. ఒక హెల్ప్‌లైన్ నంబర్ పెడ్తున్నా. నాకు డ్యూటీ ఉన్నది గానీ ఫోన్ చేతుల్నే పెట్టుకుంటా."

వెనక్కి నడిచాను. అక్క పొరబడిందనుకుంటే తేలిగ్గా ఉంది, నిజమేననుకుంటే నడక పరుగవుతోంది. ప్రతి వీధి చివరా ఒకటి నమ్ముతూ, తర్వాతి వీధిలో ఇంకోటి నమ్ముతూ వెళ్లాను.

చాలాసేపటికి తలుపు తీశాడు.

"ఏమైనా మర్చిపోయావా?"

"కోటు వద్దు."

"సరిపోలేదా?"

"నువ్వేం వేసుకుంటావు?"

చిన్నగా నవ్వాడు. అప్పుడు అడిగాను. దారిలో ఇంగ్లీషులో కూర్చుకున్న వాక్యం అది. వైవాలో అప్పజెప్పినట్టు అడిగాను. "నీకు చచ్చిపోవాలనుందా?"

గుమ్మం దగ్గర చెప్పుల మధ్య కింద కూర్చుండిపోయాడు. అంత పెద్ద మనిషి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని.

"అవును," అన్నాడు. టీ తాగుతావా అంటే అన్నట్టు. చెప్పులవైపు చూస్తూ, "అలిసిపోయాను," అన్నాడు.

నేను ఫోను తీశాను. నా మణికట్టు పట్టుకున్నాడు.

"అంబులెన్సుకి చెయ్యొద్దు. దాంతో పోలీసులు కూడా రావచ్చు. నా సైజు చూడు. ఏడుస్తున్న తెల్లవాడు తలుపు తీస్తే వాళ్లకి రోగి కనిపిస్తాడు. నేను తీస్తే ఏం కనిపిస్తుంది?"

సాయానికి ఫోన్ చేయడమే ప్రమాదం కావచ్చన్న ఆలోచన నాకు జన్మలో రాలేదు. అతను చెప్పింది నిజమా, నిరాశలో అంటున్నాడా, ఎవరిని అడగాలి?

"పోనీ మన ఆసుపత్రికి వెళ్దాం."

"అక్కడ నా మంచం తోసేది ఎవరనుకున్నావు? నాతో పని చేసేవాళ్లే."

అక్క పంపిన నంబరు చూపించాను. చాలాసేపు వద్దన్నాడు, చివరికి తల ఊపాడు. స్పీకర్ పెట్టాను. అవతల ఒక నిదానమైన ఆడగొంతు. పోలీసుల భయం గురించి చెబితే ఆమె వాదించలేదు, తేలిగ్గా తీసేయలేదు. ఇప్పుడు ఈ నిమిషంలో క్షేమంగా ఉన్నావా అనడిగింది. నువ్వు ఒంటరిగా లేవుగా అనడిగింది. అతను ఒక్కొక్క మాటగా జవాబులిచ్చాడు. తర్వాత ఆమె, "ఈ గదిలో నీ పక్కన ఇంకెవరుంటే బాగుండు అనిపిస్తోంది?" అంది.

అతను తల మోకాళ్లలో దాచుకుని, "మా అమ్మ," అన్నాడు.

వాళ్లమ్మ గురించి నాకు తెలిసింది కొంచెమే. చర్చి మనిషి. కొడుకు సంగతి ఆమెకి తెలుసు. తెలిసినప్పట్నుంచి ఇద్దరూ దాన్ని పక్కన పెట్టేసి బతుకుతున్నారు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, తిన్నావా, చలికి జాగ్రత్త అని, ఇంకో మాట వచ్చేలోపు పెట్టేసేది. అతని వేళ్లు నంబరు నొక్కలేకపోయాయి. నేను నొక్కాను. "ఆంటీ, మీ అబ్బాయికి బాగోలేదు, మీరు రావాలి," అన్నాను. ఎవరు నువ్వని ఆమె అడగలేదు. వస్తున్నానంది.

చర్చి నుంచి అలాగే వచ్చింది. నెత్తిన ఊదారంగు టోపీ తీయలేదు. గుమ్మంలో కొడుకుని చూసి, నొప్పి మోకాళ్లతో ఆయాసపడుతూ కింద కూర్చుని, అతని బూట్లు వెతికి ఒక్కోటీ తొడిగి లేసులు కట్టింది. కోటు నా ఒంటి మీదే ఉంది. విప్పి ఇచ్చాను. ఆమె అతనికి తొడిగి, జిప్పు మెడ దాకా లాగింది.

"నువ్వు ఆ పక్క పట్టుకో, నాయనా," అంది నాతో.

తన కారులోనే పక్క ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఎమర్జెన్సీలో అతన్ని లోపలికి తీసుకెళ్లాక ఇద్దరం ప్లాస్టిక్ కుర్చీల్లో మిగిలాం. చాలాసేపు టోపీ ఒళ్లో పెట్టుకుని దాని అంచు సర్దింది. ఉన్నట్టుండి నావైపు తిరిగింది.

"నువ్వు వాడికి ఏమవుతావు?"

"పని దగ్గర ఫ్రెండుని, ఆంటీ."

"ఫ్రెండువేనా? లేక అలాంటి ఫ్రెండువా?"

నోట్లోంచి నిజమే వచ్చింది. "నాకు తెలీదు, ఆంటీ."

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాకు మాత్రం ఏం తెలుసు? వాడు చిన్నప్పుడు ఏడిస్తే నేనే కసిరేదాన్ని. ఏడవకు, నువ్వు ఏడిస్తే లోకం ఇంకో రెండు తగిలిస్తుంది అని. వాణ్ని కాపాడుకుందామనే అన్నాను. అది ఎక్కడికి తీసుకొచ్చిందో చూడు." మళ్లీ టోపీ అంచు సర్ది, "మిగతా దాని గురించి నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ఏం కావాలని ప్రార్థించాలో ఇప్పుడు తెలియట్లేదు," అంది.

మిషన్ దగ్గరికెళ్లి టీ తెచ్చిచ్చాను. చక్కెర లేదని మొహం చిట్లించి, అయినా తాగింది.

అతన్ని కొన్ని రోజులు అక్కడే ఉంచారు. డిప్రెషన్ అన్నారు, మందులిచ్చారు. బయటికొచ్చాక ఫ్లాటుకి పోనివ్వకుండా ఆంటీ తన ఇంటికి తీసుకెళ్లింది. నేను బస్సెక్కి వెళ్లేవాణ్ని. ఈసారి కొండ బస్సే, తెలిసే ఎక్కేవాణ్ని. ఆమె కొబ్బరిపాలలో బియ్యం, చిక్కుడు గింజలు కలిపి వండేది. మన కొబ్బరన్నానికి దూరపు చుట్టంలా ఉండేది. అతను నెమ్మదిగా తింటూ ఒకరోజు తనంతట తనే చెప్పాడు.

"చర్చిలో నేను ఫలానా ఆవిడ కొడుకుని, నోరు మూసుకుని నిలబడాలి. గే బార్లకి వెళ్తే నేనొక ఒళ్లు మాత్రమే. నా ఎత్తు, నా రంగు, నా గురించి వాళ్ల ఊహలు. పనిలో బరువులెత్తే పెద్దాణ్ని. రోడ్డు మీద నన్ను చూసి జనం దారి మార్చుకుంటారు. ఎక్కడికెళ్లినా ఏదో ఒకటి నేనే ముందు సర్దుకోవాలి, ఎదుటివాళ్లు భయపడకుండా. అలసటగా ఉందని చెప్పుకునే చోటు ఒక్కటీ లేదు."

"నా దగ్గర చెప్పొచ్చుగా?"

నావైపు చూశాడు. "నువ్వు నన్ను చూసి ధైర్యం తెచ్చుకునేవాడివి. నీ ముందు ఎలా పడిపోను?"

ఆ మాట నన్ను చాలా రోజులు తొలిచింది. నేను అతనికి ఆసరా అయ్యానా, ఇంకో బరువయ్యానా?

మంచు కరిగాక అతనికొక గ్రూపు దొరికింది. నల్లజాతి మగవాళ్లే, అందులోనూ మగవాళ్లను ఇష్టపడేవాళ్లే, శనివారం పొద్దున లైబ్రరీ మేడ మీద గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. నడిపేది అలాంటివాడే ఒక కౌన్సెలర్. మొదటిరోజు తోడు రమ్మంటే వెళ్లాను. తలుపు దగ్గర తెల్లగడ్డం ఆయన మర్యాదగా నన్ను ఆపాడు.

"ఇది మా వాళ్ల కోసం తమ్ముడూ. కింద కూర్చుంటావా? కాఫీ ఉంది."

సరేనన్నాను. చెవులు వేడెక్కాయి. కింద పిల్లల పుస్తకాల దగ్గర ఖాళీ ఉంటే చిన్న కుర్చీలో కూర్చున్నాను. పైనుంచి ముందు ఏమీ వినిపించలేదు. తర్వాత ఒకేసారి బోలెడు నవ్వు. ఆ నవ్వులో అతనిది గుర్తుపట్టాను. వంటశాలలో విన్న నవ్వు కాదు అది. కుదురుగా, కింది నుంచి వస్తోంది. సంతోషించాల్సింది. కానీ సంతోషించలేకపోయాను. ఎమర్జెన్సీలో కూర్చున్నది నేను, ఈ తలుపు బయట ఉన్నదీ నేనే అనుకున్నాను. వెంటనే సిగ్గేసింది. వాళ్ల గదిలో నాకేం పని? మరి నా గది ఎక్కడుంది?

అతను వాచిన కళ్లతో, తేలికైన ముఖంతో దిగొచ్చాడు.

"ఏం మాట్లాడుకున్నారు?"

"చెప్పను. కానీ ఒకటుంది, అక్కడ ఏదీ మొదట్నుంచి వివరించక్కర్లేదు. సగం చెబితే చాలు, మిగతా సగం వాళ్లకి తెలుసు."

అతను కోలుకుంటుంటే నేను జారడం మొదలైంది. క్లాసులో కూర్చుంటే అక్షరాలు కదిలేవి. ఎండాకాలం వచ్చిందని ఊరంతా పార్కుల్లో ఉంటే నేను బేస్‌మెంటులో దుప్పటి కప్పుకుని ఉండేవాణ్ని. ఒకరోజు బెల్టు మీద షుగర్ పేషెంట్ల ట్రేల్లో వరసగా ఎర్ర మూతలు పెట్టుకుంటూ పోయాను. చివర నిలబడ్డ సూపర్‌వైజర్ చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. నాకేమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. నిజంగా ఏమీ జరగలేదు కదా నాకు. జరిగిందంతా అతనికి కదా.

వాకిట్లో అక్క పట్టుకుంది.

"మొకం చూస్కున్నవా అద్దంల? ఏమైంది చెప్పు."

చెప్పాను. మొట్టమొదటిసారి తెలుగులో చెప్పాను. మాటలు లేక, "నాకు అమ్మాయిలంటే కాదక్కా, అబ్బాయిలంటేనే," అని ఏదో చెప్పాను. అక్క చేతిలో ఉతికిన బట్టల బుట్ట ఉంది. దాన్ని మెట్టు మీద దించింది.

"అంటే నువ్వూ, ఆయనా…"

"కాదు. మా మధ్య ఏం లేదు."

"మరి ఆయన కోసం గంత పరేషాన్ ఎందుకైనవ్?"

"తెలీదక్కా."

ఆమె బుట్టలోంచి ఒక తువ్వాలు తీసి మడతపెట్టింది. "నాకు దీని గురించి ఏం తెల్వదు. తప్పు మాట అంటనేమో, అంటే చెప్పు," అంది. తర్వాత, "మీ ఇంట్ల తెలుసా?" అంది. లేదన్నాను. "ఇప్పుడే చెప్పకు. అరే, నేనెవర్ని చెప్పద్దనడానికి? నీ ఇష్టం." తనే చిరాకు పడి, "నాగ్గూడ ఏం సమజైతలేదు గానీ, నువ్వు మాత్రం ఇట్ల ఉండొద్దు. ఎవర్నన్న డాక్టర్ని చూద్దాం. నేనొస్తా," అంది.

కాలేజీ కౌన్సెలర్ వీడియోలో దొరికింది. మంచావిడే. మీ సంస్కృతిలో ఇది కష్టమా అని చాలా మెల్లగా అడిగింది. ఏది కష్టమో నాకే తెలియదు. సంస్కృతా, చదువా, వర్క్ పర్మిటా, ఒక మనిషి మీద పెట్టుకున్న పేరు లేని ఇష్టమా? అవునన్నాను. ఆమె రాసుకుంది. రెండోసారి అపాయింట్‌మెంట్ తీసుకోలేదు. ఆ సంగతి అతనికి చెబితే, అతను నాకు కోపంగా ఫోన్ చేశాడు. ఆంటీ వెనకనుంచి, "తిడతావెందుకు వాణ్ని," అంటోంది.

"ఒకరు కుదరకపోతే ఇంకొకర్ని చూడు. నేను ఎంతమందిని మార్చానో నీకు చెప్పలేదా? నన్ను సూటిగా అడిగావుగా ఆ రోజు. ఇప్పుడు నేను అడుగుతున్నా, నీకూ అలాంటి ఆలోచనలొస్తున్నాయా?"

లేవన్నాను. అంత దూరం కాదు, కానీ పొద్దున్నే లేవడం ఎందుకో అర్థం కావట్లేదన్నాను.

"అది చాలు, వెళ్లడానికి," అన్నాడు.

వెళ్లాను. తర్వాత దొరికినాయన పంజాబీ. ఆయనకి సగం చెబితే పావు వంతు అర్థమయ్యేది. అదే నాకు గొప్పగా అనిపించింది.

చదువయ్యాక ఉద్యోగం ఒట్టావా పక్కనున్న కనాటా అనే ఊళ్లో వచ్చింది. ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాను. అక్క పెళ్లి చేసుకుని కాల్గరీ వెళ్లింది. ఇప్పటికీ ఫోన్ చేసి, చెప్పకూడనివన్నీ చెప్పి, "తప్పు మాటన్ననా?" అని అడుగుతుంది. గుంటూరు రూమ్మేట్‌కి నేనింకా చెప్పలేదు. మా ఇంట్లోనూ చెప్పలేదు. చెప్పకపోవడం భయమో, నా సొంత నిర్ణయమో వారానికొక రకంగా అనిపిస్తుంది.

అతను పోర్టర్ పని మానలేదు. ఒక చలికాలం మందులు తనంతట తనే ఆపేసి మళ్లీ కింద పడ్డాడు. ఈసారి మాత్రం వాళ్లమ్మ దగ్గరికి తనే నడిచి వెళ్లి చెప్పాడట. ఆంటీ చర్చి మార్చలేదు. కానీ పాస్టర్ మాలాంటివాళ్ల గురించి ఏదో అన్నరోజు ప్రసంగం మధ్యలో లేచి బయటికొచ్చిందట. మళ్లీ తర్వాతి వారం వెళ్లిందట. ఎందుకు వెళ్లావని కొడుకు అడిగితే, "నా పాటలన్నీ అక్కడే ఉన్నాయి," అందట.

పోయిన ఎండాకాలం అతను కనాటా వచ్చాడు. ఒంటరిగా కాదు, గ్రూపులో పరిచయమైన ఒక స్కూలు టీచరుతో. సన్నగా, కళ్లజోడుతో, మాటకి ముందు ఆలోచించే మనిషి. ఇద్దరూ ఒకే ప్లేటులోంచి తింటుంటే చూశాను. ఇతను బతికి, ఇలా ఒకరి ప్లేటులోంచి దొంగతనంగా బంగాళదుంప ముక్క తీసుకుంటున్నాడంటే నాకు దండం పెట్టాలనిపించింది. అదే క్షణంలో ఆ టీచరుని లేపి బయటికి పంపాలనిపించింది. రెండూ నిజమే. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

మధ్యాహ్నం నది ఒడ్డుకి తీసుకెళ్లాను. అతను ఇసుకలో తువ్వాలు పరుచుకుని, మాట మధ్యలోనే నిద్రపోయాడు. టీచరు బ్యాగులోంచి ఎండకి రాసుకునే క్రీము తీసి అతని వీపుకి రాశాడు. నేను చూస్తుంటే, "మాకు ఎండ కొట్టదని అందరూ అనుకుంటారు," అన్నాడు. నేనూ అలాగే అనుకునేవాణ్నని చెప్పాను. ట్యూబు నాకిచ్చాడు. నా చేతులకి రాసుకున్నాను.

"నీ గురించి చాలా చెప్తాడు," అన్నాడు టీచరు.

"ఏమని?"

"ఒక్కోసారి ఒక్కోలా."

ఇద్దరం నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాం. పిల్లలు అరుస్తూ నదిలోకి పరుగెడుతున్నారు. కాసేపటికి అతను ఇసుకంటిన చెంపతో లేచి, ఆకలేస్తోందన్నాడు. పొద్దున చపాతీల్లో కూర చుట్టి తెచ్చాను. డబ్బా మూత తీసి ముందు అతనికి పెట్టాను, తర్వాత టీచరుకి, ఆ తర్వాత నేను తీసుకున్నాను.